ఒక మీటరుకు కోటి కిలోమీటర్లు: బీడు నేల మీద సౌరకుటుంబాన్ని పరిచే విధానం

చంద్రగిరి దగ్గర మా బంధువుల చేను ఒకటి, వేరుశనగ తీసేశాక, జనవరి నుంచి తొలకరి దాకా బీడుగా ఉంటుంది. ఆ నేల మీద మేము సౌరకుటుంబాన్ని పరిచాం. సూర్యుడు, ఎనిమిది గ్రహాలు, మన చందమామ, అన్నీ ఒకే కొలతలో. రంగుల బొమ్మలు లేవు, కరెంటు దీపాలు లేవు. మట్టి, పలుగురాళ్ళు, రాతి కూసాలు, కాసింత వెండి, అంతే. ఇలాంటి పని చేయాలనుకునే బడులకు, పల్లెల్లోని యువకులకు పనికొస్తుందని, మా తప్పులతో సహా వరుసగా రాస్తున్నాను.

పాఠ్యపుస్తకంలో గ్రహాలు దారానికి గుచ్చిన పూసల్లా పక్కపక్కనే కనిపిస్తాయి. కాగితం వెడల్పు అంతే కనుక అలా వేయక తప్పదు. నేలకు ఆ ఇరుకు లేదు. కాబట్టి గ్రహాలను పెద్దవి చేసి, దూరాలను కుదించి పెట్టే పద్ధతిని నేను ఒప్పుకోను. పరిమాణానికి ఒక కొలత, దూరానికి మరో కొలత పెడితే అది బొమ్మల కొలువు అవుతుంది. భూమి రాగి గింజంత ఉండి, దాని పక్కనున్న శుక్రుడు నాలుగు మీటర్ల అవతల ఉంటే, ఆ మధ్యనున్న వట్టి నేలే మనం చూపించవలసిన వస్తువు. చేసేవాళ్ళకు ఈ విషయం మనసులో నాటుకుంటే మిగతా పనంతా దానంతటదే దారిలో పడుతుంది.

కొలత

మన లెక్కల పద్ధతికి అతికినట్టు సరిపోయే కొలత ఒకటి ఉంది. ఒక మీటరుకు ఒక కోటి కిలోమీటర్లు. అప్పుడు ఒక మిల్లీమీటరుకు పదివేల కిలోమీటర్లు వస్తాయి. అంటే అసలు దానిలో వెయ్యి కోట్లవ వంతు. వాషింగ్టన్ నగరంలో 2001లో నెలకొల్పిన నమూనా కూడా ఈ కొలతలోనే ఉంది. స్వీడన్ వాళ్ళు ఇంకా పెద్ద మనసుతో రెండు కోట్లవ వంతు కొలత తీసుకున్నారు. స్టాక్‌హోమ్‌లోని గుండ్రటి క్రీడా భవనాన్ని సూర్యుడిగా పెట్టుకుని, గ్రహాలను దేశం పొడవునా పరుచుకుంటూ పోయారు. మనకు చేను చాలు.

కోట్లలో లెక్క వేసుకోవడం వల్ల పిల్లలు కాగితం లేకుండానే దూరం చెప్పేస్తారు. సూర్యుడికి భూమి 15 కోట్ల కిలోమీటర్లు, కాబట్టి 15 మీటర్లు. మొత్తం వరుస ఇది. మొదటి అంకె సూర్యుడి నుంచి సగటు దూరం, రెండోది గోళం అడ్డుకొలత.

బుధుడు: 5.8 మీటర్లు, 0.5 మిల్లీమీటరు
శుక్రుడు: 10.8 మీటర్లు, 1.2 మిల్లీమీటర్లు
భూమి: 15 మీటర్లు, 1.3 మిల్లీమీటర్లు
అంగారకుడు: 22.8 మీటర్లు, 0.7 మిల్లీమీటరు
గురుడు: 78 మీటర్లు, 14.3 మిల్లీమీటర్లు
శని: 143 మీటర్లు, 12 మిల్లీమీటర్లు
యురేనస్: 287 మీటర్లు, 5.1 మిల్లీమీటర్లు
నెప్ట్యూన్: 450 మీటర్లు, 5 మిల్లీమీటర్లు

సూర్యుడి అడ్డుకొలత 13.9 సెంటీమీటర్లు, పీచు తీసిన పెద్ద కొబ్బరికాయంత. చందమామ భూమికి 3.8 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో మూడో వంతు.

స్థలం

లోపలి నాలుగు గ్రహాలకు పూర్తి వలయాలు గీయవచ్చు. అంగారకుడి వలయం అడ్డంగా 46 మీటర్లు వస్తుంది, లోపలి నేల 40 సెంట్లు. చుట్టూ నడవడానికి చోటు కలుపుకుని 60 సెంట్లు ఉంటే హాయిగా సరిపోతుంది. నెప్ట్యూన్‌కు కూడా పూర్తి వలయం గీయాలంటే 157 ఎకరాలు కావాలి. అందుకే బయటి నాలుగు గ్రహాలను ఒకే వైపు, ఒకే వరుసలో నిలపాలి. దానికి 450 మీటర్ల బండిబాటో, పొలం గట్టో, చెరువు కట్టో ఉండాలి.

చెరువు కట్ట చూడటానికి ఎంతో అనువుగా కనిపిస్తుంది, కానీ దాని మీద ఒక్క గుంత కూడా తవ్వకండి. 2021 నవంబరు వరదల్లో తిరుపతి చుట్టుపక్కల చెరువు కట్టల కోసం జనం ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నారో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. కట్ట మీద పని చేస్తే రాళ్ళు పైన పేర్చి, తర్వాత తీసేయాలి. స్వర్ణముఖి ఇసుక ఒక్కరోజు ప్రదర్శనకు చక్కగా ఉంటుంది, సున్నం గీత దూరం నుంచి కూడా కనబడుతుంది. శేషాచలం అడవి జోలికి మాత్రం వెళ్ళవద్దు. అక్కడ గుంత తీయడం సరే, రాయి కదిలించడం కూడా తగదు. చేను సొంతదైతే చిక్కు లేదు, లేకపోతే యజమానికి, పంచాయతీకి ముందే చెప్పి ఒప్పించుకోండి.

వరుస ఏ దిక్కుకు పోవాలన్నది కూడా ఆలోచించాలి. అమెరికాలోని యూటా ఎడారిలో కళాకారిణి నాన్సీ హోల్ట్ 1976లో పూర్తిచేసిన నాలుగు కాంక్రీటు గొట్టాలు అయనాంతాల నాటి సూర్యోదయ, సూర్యాస్తమయాలకు సూటిగా అమరి ఉంటాయి. అది తెలిశాక మేము కూడా మా వరుసను డిసెంబరు 22 నాటి సూర్యోదయం వైపు తిప్పాం. తిరుపతి అక్షాంశంలో ఆ దిక్కు సరిగ్గా తూర్పు నుంచి దక్షిణానికి 24 డిగ్రీలు జరిగి ఉంటుంది. ఆ రోజు తెల్లవారుజామున సూర్యుడి గుర్తు దగ్గర నిలబడితే నెప్ట్యూన్ కూసం వెనక నుంచి అసలు సూర్యుడు పైకి వస్తాడు. కొండ అడ్డు లేకుండా చూసుకోండి.

గ్రహాల తయారీ

మొదటిసారి గింజలతో చేశాం. భూమికి, శుక్రుడికి రాగి గింజలు. అంగారకుడికి గసగసాల గింజ, బుధుడికి సన్న రవ్వ పలుకు, యురేనస్, నెప్ట్యూన్‌లకు మిరియాలు. రాగి గింజ భూమి కొలతకు చాలా దగ్గర. రోజూ సంకటి తినే ఊళ్ళో ఆ పోలిక క్షణంలో అందుతుంది. సాయంత్రం ఇంటి ఆడవాళ్ళు బియ్యప్పిండి ముగ్గుతో కక్ష్యలు గీశారు. తాడు లేకుండా చేతి వాటంతో వాళ్ళు తిప్పిన వంపును మేము తర్వాత కొలిచి చూస్తే జానెడు తేడా కూడా లేదు. తెల్లవారి వచ్చేసరికి బుధుడి కక్ష్య సగం లేదు. రాతి పలక మీద భూమి లేదు. ముగ్గు గీత మీదుగా చీమల బారు గట్టు దాకా సాగుతోంది. వాటిలో ఒక చీమ నోట గోధుమ రంగు గింజ ఉంది. అది మా భూమేనని ఇప్పటికీ నా నమ్మకం.

కాబట్టి ఒక్కరోజు పనికి గింజలు, నిలిచే పనికి లోహం. చిన్న గ్రహాలను కంసాలి దగ్గర చేయించాం. అర మిల్లీమీటరు మందం ఉన్న వెండి తీగను భూమికి ఐదున్నర మిల్లీమీటర్ల పొడవున, శుక్రుడికి 4.7, అంగారకుడికి 0.8 మిల్లీమీటర్ల పొడవున కత్తిరించాలి. బుధుడికి, చందమామకు ఆకురాయి పొడిలో దొరికే పలుకులే సరిపోతాయి. బొగ్గు ముక్కలో చిన్న గుంట చేసి, తీగ ముక్కను అందులో ఉంచి మంట ఊదుతారు. ముందు తీగ ఎర్రబడుతుంది. తర్వాత రెండు కొసలు మెత్తబడి లోపలికి ముడుచుకుంటాయి. ఉన్నట్టుండి ముక్క మొత్తం ఒక్కసారి వణికి, మెరుస్తున్న గుండుగా నిలుస్తుంది. దాన్ని ఎవరూ చుట్టలేదు, తలతన్యత వల్ల కరిగిన వెండి తనంతట తానే గోళమైంది. అసలు గ్రహాలను గుండ్రంగా చేసింది గురుత్వాకర్షణ, అది వేరే బలం. అయినా ఆ బొగ్గు గుంటలో భూమి గుండ్రబడటం చూసినప్పుడు మా వాళ్ళెవరికీ నోట మాట రాలేదు. వీలైతే పిల్లలను కూడా తీసుకెళ్ళి చూపించండి.

గురుడికి గోలీ. మామూలు గోలీలు కాస్త పెద్దవి, 14 మిల్లీమీటర్లవి ఏరి తెచ్చుకోండి. శనికి 12 మిల్లీమీటర్ల గాజు పూస. శని వలయాల బయటి అడ్డుకొలత మన కొలతలో 27 మిల్లీమీటర్లు, సరిగ్గా పది రూపాయల నాణెమంత. నాణేన్ని కోయకూడదు, అది చట్టరీత్యా నేరం. దాన్ని ఇత్తడి రేకు మీద పెట్టి గీత గీసి కత్తిరించి, మధ్యలో 15 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, పూస చుట్టూ 27 డిగ్రీల వాలుగా అమర్చండి. యురేనస్, నెప్ట్యూన్ సైకిల్ షాపులో దొరుకుతాయి. ముందు చక్రం ఇరుసులో వేసే ఉక్కు గుండ్లు 4.8 మిల్లీమీటర్లు ఉంటాయి. కొద్ది తేడా ఉంది కానీ కన్ను పట్టదు.

సూర్యుణ్ణి కాల్చిన మట్టితో చేయించండి. పలమనేరు కుమ్మరుల చేతిలో ఆ పని బాగా కుదురుతుంది. గట్టి ముద్దగా చేస్తే ఆవంలో పగిలిపోతుంది, లోపల బోలుగా ఉంచి, అడుగున సన్న రంధ్రం వదలాలి. మట్టి ఆరి, కాలేసరికి కుంచించుకుపోతుంది కదా, ఎంత కుంచించుకుంటుందో ముందే తేల్చుకోవాలి. అదే మట్టితో ఒక పలక చేసి, పచ్చిగా ఉండగానే దాని మీద 10 సెంటీమీటర్ల గీత గీసి కాల్చి కొలవండి. గీత 9.1కి తగ్గితే, పచ్చి గోళాన్ని 15.3 సెంటీమీటర్లు చేయించాలి. రంగు వేయవద్దు. కాలిన మట్టి రంగే ఉదయపు ఎండలో సూర్యుడికి నిండుదనం ఇస్తుంది.

కక్ష్యలు

కేంద్రంలో ఇనుప మేకు దిగగొట్టి, కొలత తీగతో వలయాలు తిప్పాలి. నైలాను తాడు సాగుతుంది. మా రెండో వలయం మొదలుపెట్టిన చోటికి రాకుండా అడుగు పక్కకు పోయింది. కట్టు తీగ కానీ ఉక్కు టేపు కానీ వాడండి. ఒకరు మేకు దగ్గర, ఒకరు తీగ చివర, మూడో మనిషి చిల్లు పెట్టిన కొబ్బరి చిప్పలో సున్నం పోసుకుని వెనకాల.

సున్నం గీత మీద అర మీటరుకు ఒకటి చొప్పున తెల్ల పలుగురాళ్ళు పెట్టండి. నాలుగు వలయాలకూ కలిపి 680 రాళ్ళు పడతాయి. మన చేల గట్ల మీద రైతులు ఏరి పోసిన కుప్పల్లో అవి కావలసినన్ని ఉంటాయి. వెన్నెల్లో పలుగురాయి మెరిసినట్టు మరే రాయీ మెరవదు.

ఓపిక ఉన్నవారు ఇంకో మెట్టు ఎక్కవచ్చు. కక్ష్యలు దీర్ఘవృత్తాలు. అయినా ఈ కొలతలో వాటి ఆకారం వృత్తానికి 10, 12 సెంటీమీటర్లకు మించి తేడా పడదు. తేడా అంతా కేంద్రంలోనే ఉంటుంది. బుధుడి వలయం కేంద్రాన్ని సూర్యుడి నుంచి 1.2 మీటర్లు, అంగారకుడి వలయం కేంద్రాన్ని 2.1 మీటర్లు జరపాలి. అలా జరిపితే బుధుడు ఒక వైపు 4.6 మీటర్లకు దగ్గరవుతాడు, ఎదుటి వైపు 7 మీటర్లకు దూరమవుతాడు. అంగారకుడు సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే చోటు నుంచి, గ్రహాలు తిరిగే దిశలో వంద డిగ్రీలు ముందుకు వస్తే బుధుడు అతి దగ్గరగా వచ్చే చోటు. పై నుంచి చూస్తే గ్రహాలు అపసవ్యంగా తిరుగుతాయి, గడియారం ముల్లుకు ఎదురుగా.

లోపలి గ్రహాలకు రాయి పాతవద్దు. అవి కదలాలి. మూలన పడి ఉన్న పాత తిరగలి రాళ్ళు వీటికి పీఠాలుగా బాగుంటాయి. నడుమ రంధ్రంలో చేవ ఉన్న కర్ర నిలబెట్టి, కర్ర తల మీద నల్ల గ్రానైటు బిళ్ళ, బిళ్ళ మీద వెండి చుక్క, పైన గాజు మూత. నల్ల రాయి మీద తప్ప అంత చిన్న వెండి కంటికి ఆనదు. భూమి బిళ్ళ మీదే చందమామను కూడా 3.8 సెంటీమీటర్ల ఎడంగా అతికించండి.

ప్రతి ఆదివారం బుధుణ్ణి 2.9 మీటర్లు, శుక్రుణ్ణి 2.1, భూమిని 1.8, అంగారకుణ్ణి 1.5 మీటర్లు ముందుకు జరపాలి. ఇద్దరు కుర్రాళ్ళు ఉంటే పావుగంట పని. మొదట ఎక్కడ పెట్టాలంటే, పంచాంగంలోని గ్రహస్థానాలను నేరుగా వాడకూడదు. అవి భూమి నుంచి చూసినవి, పైగా నిరయన లెక్కలో సుమారు 24 డిగ్రీల తేడా ఉంటుంది. మనకు కావలసింది సూర్యుడి నుంచి చూసిన కోణం. స్టెల్లేరియం లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూపు కేంద్రాన్ని సూర్యుడికి మార్చుకుంటే అది దొరుకుతుంది. భూమికి అది కూడా అవసరం లేదు. సెప్టెంబరు 23న భూమి సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, డిసెంబరు 22న 90 దగ్గర, మార్చి 20న 180 దగ్గర.

బయటి నలుగురు

గురుడు మొదలుకొని రాతి కూసాలు పాతండి. ఐదున్నర అడుగుల కూసంలో అడుగున్నర భూమిలోకి పోతే పైన నాలుగు అడుగులు మిగులుతుంది, పిల్లల కంటి ఎత్తు. దూరం కొలవడానికి 30 మీటర్ల టేపు పదిహేను మడతలు వేయాలి. సైకిల్‌తో కొలవడం ఇంకా సులభం. చక్రానికి సున్నంతో గుర్తు పెట్టి ఒక చుట్టు దొర్లించి కొలుచుకోండి. 2.2 మీటర్లు వస్తే నెప్ట్యూన్‌కు 205 చుట్లు. మూడు కర్రలు పాతి ఒక కంటితో సూటి చూసుకుంటూ వెళ్తే వరుస వంకర పోదు.

ప్రతి కూసం దగ్గర దాని కక్ష్యలో ఒక ముక్కను, 20 మీటర్ల పొడవున, పలుగురాళ్ళతో పరవండి. నాకు ఈ నమూనాలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. గురుడి దగ్గర ఆ ముక్క కొసలు 64 సెంటీమీటర్లు లోపలికి వంగుతాయి, వంపు తెలుస్తుంది. శని దగ్గర 35, యురేనస్ దగ్గర 17. నెప్ట్యూన్ దగ్గర 11 సెంటీమీటర్లే. చూస్తే అచ్చం గెనిమలా తిన్నగా కనిపిస్తుంది. ఆ గీత ఎక్కడో తిరిగి తిరిగి మళ్ళీ ఇక్కడికే రావడానికి 165 ఏళ్ళు పడుతుందని చెబితే, పిల్లలు గీత వెంట దూరంగా చూస్తూ నిలబడిపోయారు.

యురేనస్ దగ్గర ఒక మాట రాసి పెట్టవచ్చు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డు వచ్చింది. ఆ నక్షత్రపు వెలుగు ముందూ వెనకా మినుకుమనడం వల్ల దాని వలయాల సంగతి తెలిసింది. తమిళనాడులోని జవ్వాది కొండల్లో ఉన్న కావలూరు వేధశాల నుంచి కూడా ఆ రాత్రి ఆ దృశ్యాన్ని పరిశీలించారు.

ఖాళీ చోటు

అంగారకుడికి, గురుడికి మధ్య గ్రహశకలాల పట్టీ ఉంది కదా అని అక్కడ కంకర కుప్పలు పోయాలనిపిస్తుంది. వద్దు. అన్నిటిలో పెద్దదైన సీరిస్ ఈ కొలతలో మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు, సన్న ఇసుక రేణువు. 31 మీటర్ల నుంచి 49 మీటర్ల దాకా నేలను శుభ్రంగా ఊడ్చి వదిలేయండి.

శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. అక్కడి నుంచి వెళ్ళినవి ఈ నేల మీద ఎంత దూరం పోయాయో చూపడం మన బాధ్యత. చంద్రయాన్-3 భూమి బిళ్ళ మీదే 3.8 సెంటీమీటర్లు. ఆదిత్య-ఎల్1 ఉన్న చోటు భూమి నుంచి సూర్యుడి వైపు 15 సెంటీమీటర్లు, అక్కడ ఒక గుండుసూది గుచ్చండి. మంగళయాన్ 2013 నవంబరు 5న బయలుదేరి 2014 సెప్టెంబరు 24న నాలుగో పలుగురాళ్ళ వలయం, అంటే అంగారకుణ్ణి, చేరింది. మనుషులు పంపిన వాటిలో అన్నిటికన్నా దూరం వెళ్ళిన వాయేజర్-1 సుమారు రెండున్నర కిలోమీటర్ల అవతల, వేరే ఊరి పొలిమేరలో ఉంటుంది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో, తిరుపతి నుంచి ఢిల్లీకి ఉన్న దూరానికి రెండు రెట్లకు మించి.

సరిచూసుకోవడం

పని సరిగ్గా వచ్చిందో లేదో చెప్పే పరీక్ష ఒకటి ఉంది. పున్నమి సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, భూమి కక్ష్య మీద పడమటి వైపు నిలబడండి. ఎదురుగా 15 మీటర్ల దూరంలో మట్టి సూర్యుడు, దాని వెనక తూర్పున లేస్తున్న చంద్రుడు. రెండూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. ఆకాశంలో సూర్యబింబం, చంద్రబింబం కంటికి దాదాపు సమానం కాబట్టి, మట్టి గోళం ఇక్కడి నుంచి అసలు సూర్యుడంతే కనబడాలి. అసలు సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి, పిల్లలను చూడనివ్వకండి. ఆ పున్నమి నాడు మా చేనులో ఒక పెద్దావిడ ఒక కన్ను మూసుకుని, చిటికెన వేలు చాచి ముందు మట్టి గోళాన్ని, తర్వాత చంద్రుణ్ణి కప్పి చూసి, "రెండూ వేలి గోరు కిందే దాగినాయి నాయనా" అన్నారు.

తర్వాత వెలుగు నడక. ఈ కొలతలో వెలుగు సెకనుకు మూడు సెంటీమీటర్లు పోతుంది, ఇంచుమించు చీమ నడక. సూర్యుడి దగ్గర బయలుదేరి నిమిషానికి 1.8 మీటర్ల చొప్పున నడిపించండి. భూమిని చేరేసరికి ఎనిమిది నిమిషాలు దాటుతుంది. నెప్ట్యూన్ దాకా నడవాలంటే నాలుగు గంటలు పైన.

కూసాలు నిట్టనిలువుగా ఉన్నాయో లేదో చూడటానికి తూకపు గుండు సరిపోతుంది. ఏప్రిల్ 26, ఆగస్టు 16 ప్రాంతాల్లో తిరుపతిలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. మధ్యాహ్నం పన్నెండుంపావు ప్రాంతంలో నిలువుగా ఉన్న కూసానికి నీడ పడదు. పడితే అటు వైపు ఒరిగిందన్నమాట.

తొలకరికి చేను దున్నుకోవాలి కాబట్టి మే నెలాఖరులో లోపలి వలయాల రాళ్ళు ఏరి గట్టున పోయండి. తిరగలి రాళ్ళు ఇంటికి చేర్చండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు ముసురుతాయి. అప్పుడు చెమ్మ చేరి ఉక్కు గుండ్లు తుప్పు పడతాయి కనుక బయటి గ్రహాలను కూడా విప్పి డబ్బాలో పెట్టుకోవడం మంచిది. కూసాలు, మధ్యలోని ఇనుప మేకు అలాగే ఉండనివ్వండి. నాగలి తగలకుండా మేకు మీద ఒక బండ బోర్లించి, దాని చోటు గట్టు నుంచి కొలిచి రాసి పెట్టుకోండి. సంక్రాంతి వెళ్ళాక బండ తీసి, ఆ మేకు నుంచే మళ్ళీ తీగ పట్టుకుని, ఆ రోజు భూమి ఏ కోణంలో ఉందో చూసుకుని మొదలుపెట్టవచ్చు.